రాజమండ్రి నుంచి బెంగళూరుకి, ఒక పేషెంటుతో

రాజమండ్రి దాదాపు సముద్రమట్టంలో ఉన్న ఊరు. బెంగళూరు 3,000 అడుగుల ఎత్తున ఉంది. మామూలు ప్రయాణికులకి ఈ తేడా బెంగళూరులో దిగగానే తగిలే చల్లగాలి వరకే తెలుస్తుంది. వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని తీసుకొస్తున్నప్పుడు మాత్రం ప్రయాణమంతా ఆ తేడా చుట్టూనే తిరుగుతుంది.

నేను ఎయిర్ అంబులెన్స్ నర్సుని. పుట్టింది మదనపల్లెలో, ఉంటున్నది బెంగళూరు మారతహళ్ళిలో. మొన్న కార్తీకంలో రాజమండ్రి వెళ్ళి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చాం. ఆయన కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఫోన్‌లో ఆ అబ్బాయి మొదట అడిగింది "ఎంతసేపట్లో తీసుకొస్తారు సిస్టర్?" అని. అందరూ అదే అడుగుతారు. అడగడంలో తప్పు లేదు, కన్నతండ్రి కదా. కానీ ఆ ప్రశ్నతో పాటు ఇంకొన్ని అడగాలని కుటుంబాలకి ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఈ ప్రయాణం గురించి వివరంగా రాస్తున్నాను.

పాత హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్ట్ నుంచి పొద్దున్నే బయల్దేరాం. 2008లో ప్రయాణికుల విమానాలు దేవనహళ్ళికి మారిపోయాక ఇక్కడ సందడి తగ్గింది. మాది రెండు ఇంజన్ల కింగ్ ఎయిర్. ఒక పక్క సీట్లు తీసేసి స్ట్రెచర్ బిగించారు. ఇద్దరు పైలట్లు, మా డాక్టరు గారు, నేను. గంటన్నరకల్లా కింద గోదావరి కనిపించింది. ధవళేశ్వరం బ్యారేజీ, దాని దిగువన పాయలుగా విడిపోయిన నది, వాటి మధ్య కోనసీమ కొబ్బరితోటలు. ఎన్నిసార్లు చూసినా కిటికీ నుంచి కళ్ళు తిప్పుకోలేను. మధురపూడిలో దిగి, అంబులెన్స్‌లో ఆసుపత్రికి చేరుకున్నాం.

పెద్దాయన రావులపాలెం దగ్గర హైవే మీద బండి మీంచి పడ్డారు. ఎడమవైపు పక్కటెముకలు విరిగాయి. ఒక ఎముక గుచ్చుకుని ఊపిరితిత్తి నుంచి గాలి బయటికొచ్చింది. ఆ గాలి ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య చేరింది. దీన్నే న్యూమోథొరాక్స్ అంటారు. అక్కడి డాక్టర్లు సరైన సమయంలో ఛాతీలో గొట్టం, అంటే ఐసీడీ వేసి గాలిని బయటికి పంపించారు. కాలు కూడా విరగడంతో ముందురోజు సాయంత్రం పిండికట్టు వేశారు. నోట్లో వెంటిలేటర్ గొట్టం, 40 శాతం ఆక్సిజన్.

మేం వెంటనే స్ట్రెచర్ ఎక్కించి బయల్దేరతామని వాళ్ళు అనుకున్నారు. మా డాక్టరు గారు ముందు ఎక్స్‌రే చూశారు. తర్వాత కట్టు కోసే రంపం అడిగారు. పెద్దాయన భార్య కంగారుపడిపోయారు.

"నిన్ననే కదమ్మా కట్టేరు, మళ్ళీ కోసేత్తన్నారేంటండీ?"

కట్టుని పొడుగునా రెండు వైపులా చీల్చి, పైన గుడ్డతో చుడుతున్నంతసేపూ నేను ఆమెకి వివరించాను. పైకి వెళ్ళేకొద్దీ చుట్టూ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ఎక్కడైనా చిక్కుకున్న గాలి ఉబ్బుతుంది. కొత్త కట్టులో పిండి పొరల మధ్య, దూది మధ్య గాలి ఉంటుంది. దెబ్బ తగిలిన కాలు కూడా మొదటి రెండు రోజులు వాస్తుంది. లోపల రెండూ పెరిగి బయట కట్టు గట్టిగా ఉంటే కాలికి రక్తం అందదు. ఆమె కాసేపు ఆలోచించి, "మా అబ్బాయి దగ్గరికి చిప్సు పాకెట్లు పట్టుకెళ్తే బెంగళూరు వెళ్ళేసరికి ఉబ్బిపోతాయండీ, అలాగా?" అన్నారు. అచ్చంగా అలాగే.

ఇంటర్‌లో మనందరం చదువుకున్న బాయిల్ నియమం ఇదే. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించాడు. సముద్రమట్టంలో గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. 8,000 అడుగుల దగ్గర అది దాదాపు 565. మామూలు ప్రయాణికుల విమానం ఎంత ఎత్తులో ఎగిరినా లోపలి ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తున ఉండేదానికన్నా తగ్గకుండా చూస్తారు. దీన్నే క్యాబిన్ ఎత్తు 8,000 అడుగులు అంటారు. అంటే కింద ఒక లీటరు ఉన్న గాలి అక్కడ లీటరూ మూడోవంతు అవుతుంది. శరీరం లోపలి గాలిలో తేమ ఉంటుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి పొట్ట కాస్త బిగదీస్తుంది, చెవులు దిబ్బడేస్తాయి, అంతే. గొట్టం వేయని న్యూమోథొరాక్స్ ఉన్నవాళ్ళకి ఆ పెరిగిన గాలి ఊపిరితిత్తిని నొక్కేసి, గుండెని పక్కకి నెట్టి ప్రాణం తీయగలదు.

అందుకే ఐసీడీ మీద ఎక్కువసేపు గడిపాం. గాజు సీసాలో నీళ్ళు పోసి గొట్టం ముంచే పద్ధతి వార్డులో బాగానే ఉంటుంది. విమానంలో సీసా ఒరిగినా పగిలినా ఇబ్బందే. అందుకని గాలి ఒకే దిక్కున బయటికి పోయే చిన్న వాల్వునీ ఒక సంచినీ అమర్చాం. ప్రయాణం కదా అని ఈ గొట్టానికి క్లిప్పు వేసి మూసేస్తే దాన్ని పెట్టిన ప్రయోజనమే పోతుంది. ముక్కులోంచి పొట్టలోకి వెళ్ళే రైల్స్ ట్యూబుని కూడా తెరిచి ఉంచాం. పొట్టలో గాలి ఉబ్బితే ఊపిరి ఆడే చోటు తగ్గుతుంది, పైగా వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

ఇక ఆక్సిజన్. గాలిలో ఆక్సిజన్ ఎక్కడైనా 21 శాతమే. పైకి వెళ్తే శాతం తగ్గదు, మొత్తం ఒత్తిడి తగ్గడంతో ఆక్సిజన్ వంతు ఒత్తిడి కూడా తగ్గుతుంది. సముద్రమట్టంలో 159 మిల్లీమీటర్లు ఉండేది 8,000 అడుగుల దగ్గర 118కి పడిపోతుంది. ఇది డాల్టన్ నియమం. మా డాక్టరు గారు కేస్ షీటు వెనకాల లెక్క వేశారు. 8,000 అడుగుల క్యాబిన్‌లో ఈయనకి ఇప్పుడందుతున్నంత ఆక్సిజనే అందాలంటే 40కి బదులు 54 శాతం పెట్టాలి. క్యాబిన్‌ని 3,000 అడుగుల దగ్గరే ఉంచితే 45 చాలు.

ఆ కాగితం పట్టుకుని ఆయన పైలట్‌తో మాట్లాడారు. ఎయిర్ అంబులెన్స్‌కీ మామూలు విమానంలో స్ట్రెచర్ బుక్ చేసుకోవడానికీ అసలు తేడా ఇక్కడుంది. ప్రయాణికుల విమానంలో ఒక్క పేషెంటు కోసం క్యాబిన్ ఒత్తిడి మార్చరు. ఇక్కడ అడగొచ్చు. బెంగళూరులో దిగేసరికి క్యాబిన్ ఎలాగూ 3,000 అడుగుల దగ్గర ఉండాలి కాబట్టి, దారిలో ఎక్కడా అంతకు మించనివ్వొద్దని కోరాం. విమానం గోడలు లోపలికీ బయటికీ మధ్య కొంత ఒత్తిడి తేడానే తట్టుకోగలవు. అందువల్ల మేం 20,000 అడుగుల లోపే ఎగరాలి. ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, మబ్బుల పైకి పోలేం, కుదుపులుంటాయి. పైలట్ వాతావరణం చూసుకుని సరేనన్నారు. ఈ సంభాషణ జరిగిందా లేదా అన్నది, నా దృష్టిలో, విమానం ఎంత వేగంగా వెళ్తుందన్న దానికన్నా ముఖ్యం.

సిలిండర్లు కూడా అప్పుడే లెక్కపెట్టాం. నిమిషానికి ఎన్ని లీటర్లు, ఇటు రోడ్డు మీద ఎంతసేపు, గాల్లో ఎంతసేపు, బెంగళూరు ట్రాఫిక్‌లో ఎంతసేపు. వచ్చినదానికి రెట్టింపు పట్టుకెళ్తాం.

టేకాఫ్ అయ్యాక నా పనంతా గొంతులోని గొట్టం దగ్గరే. వెంటిలేటర్ గొట్టం చివర కఫ్ అనే చిన్న బుడగ ఉంటుంది. అది శ్వాసనాళానికి ఆనుకుని గాలి లీకవకుండా ఆపుతుంది. అందులో 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి ఉండాలి. ఎక్కువైతే శ్వాసనాళం గోడకి రక్తం అందక పుండు పడుతుంది. కింద 25 పెట్టాను. విమానం ఎక్కుతుంటే ముల్లు 30 దాటింది. సిరంజితో కొంచెం గాలి తీశాను, మళ్ళీ చూశాను, మళ్ళీ తీశాను. కొందరు కఫ్‌లో గాలికి బదులు సెలైన్ నింపుతారు, నీళ్ళు ఉబ్బవు కాబట్టి. నాకు మాత్రం మీటరు పెట్టి చూసుకుంటేనే నమ్మకం. బెంగళూరు నుంచి చెన్నైకో విశాఖకో పేషెంటుని తీసుకెళ్తే ఇదంతా తిరగబడుతుంది. దిగేకొద్దీ కఫ్ కుంచించుకుపోయి, పక్కలనుంచి గాలి లీకవుతుంది. అప్పుడు నింపాలి.

ఎక్కుతున్నంతసేపూ ఐసీడీ వాల్వు ప్రతి ఊపిరికీ కొట్టుకుంటూనే ఉంది. లోపల మిగిలిన గాలి ఉబ్బి బయటికి పోతోందన్నమాట. క్యాబిన్ ఎత్తు నిలకడపడ్డాక అది నెమ్మదించింది. పెద్దాయన భార్య నా చెయ్యి పట్టుకుని ఆ వాల్వు వైపే చూస్తున్నారు.

"ఇంజను హోరులో స్టెతస్కోపు పనిచేయదమ్మా, కళ్ళతోనే చూడాలి" అన్నాను.

ఛాతీ రెండువైపులా సమానంగా లేస్తోందా, తెర మీద కార్బన్ డయాక్సైడ్ గీత సరిగ్గా ఉందా, వెంటిలేటర్ ఒత్తిడి ఎంత చూపిస్తోంది, ఇవే మాకు చెవులు.

నల్లమల దాటుతుండగా మబ్బుల్లో గట్టిగా కుదిపింది. కాసేపటికి వెంటిలేటర్ ఒత్తిడి పెరిగిందని అలారం మోగింది. వాల్వు కదలడం లేదు. గొట్టం వెంబడి చెయ్యి పోనిస్తే, కుదుపుకి జారిన స్ట్రెచర్ బెల్టు దాన్ని నొక్కి ఉంచింది. బెల్టు పైకి లాగాను. వాల్వు ఒక్కసారిగా కొట్టుకుంది, ఒత్తిడి దిగింది. మహా అయితే నిమిషం. మాకు టెన్షన్ లేదని చెప్పను. రాజమండ్రిలో గొట్టాలన్నీ కళ్ళకి కనబడేలా, చేతికి అందేలా సర్దుకోవడానికి పట్టిన సమయం ఇలాంటి నిమిషం కోసమే.

కడప దాటాక కుదుపులు తగ్గాయి. కాసేపటికి మా మదనపల్లె వైపు కొండలు కనిపించాయి. అటు చూడగానే మా పెద్దమ్మ గుర్తొచ్చింది. రెటీనా ఆపరేషన్‌లో ఆమె కంట్లో గ్యాస్ బుడగ పెట్టారు. అది కరిగేదాకా, వాడిన గ్యాస్‌ని బట్టి కొన్ని వారాలు, విమానం ఎక్కకూడదు. బుడగ ఉబ్బితే కంటి ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు. విమానం సంగతి చాలామందికి తెలుసు. ఘాట్ రోడ్డు సంగతి తెలియదు. ఆపరేషన్ బాగా జరిగిందని మొక్కు తీర్చుకోవడానికి నేరుగా తిరుమల కొండెక్కే మనవాళ్ళు ఎందరో. తిరుమల కూడా 3,000 అడుగుల దరిదాపుల్లోనే ఉంది. దయచేసి కంటి డాక్టరుని అడిగి వెళ్ళండి. స్వామి ఎక్కడికీ పోడు.

హెచ్‌ఏఎల్‌లో దిగేటప్పుడు ఎవరికీ చెవులు నొప్పెట్టలేదు. క్యాబిన్ అప్పటికే బెంగళూరు ఎత్తులో ఉంది కదా. అంబులెన్స్ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డెక్కింది. ఇదే రోడ్డు మీద వైమానిక దళం వారి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఉంది. 1957 నుంచి నడుస్తోంది. పైలట్లని గదిలో కూర్చోబెట్టి గాలి ఒత్తిడి తగ్గిస్తూ, ఆక్సిజన్ తగ్గితే తమ శరీరం ఎలా మారుతుందో వాళ్ళకే అనుభవంలోకి తెస్తారు. గగన్‌యాన్ వ్యోమగాముల ఎంపికలోనూ ఈ సంస్థ పాత్ర ఉంది. ఆ గేటు ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ మా పనికి వేళ్ళు అక్కడున్నాయనిపిస్తుంది.

ఆసుపత్రి ఐసీయూలో అప్పగించేటప్పుడు డాక్టరు గారు మూడు విషయాలు నొక్కి చెప్పారు. కఫ్ ఒత్తిడి ఇప్పుడే ఇంకోసారి చూడండి. చీల్చిన కట్టుని ఎముకల డాక్టరుకి చూపించండి. ఆక్సిజన్ 45 అని రాసి ఉంది కదా అని పేషెంటు దిగజారాడనుకోకండి, రాజమండ్రి 40, బెంగళూరు 45 దాదాపు ఒకటే.

కొడుకు బయట నిలబడి ఉన్నాడు. వాళ్ళమ్మ అతనికి చిప్స్ పాకెట్ నుంచి వాల్వు దాకా అంతా తనే వివరిస్తున్నారు. అతను నా దగ్గరికొచ్చి, "నాన్నకి తగ్గాక ఫ్లైట్‌లో ఇంటికి పంపొచ్చా సిస్టర్?" అని అడిగాడు. గొట్టం తీసేశాక ఎక్స్‌రేలో గాలి పూర్తిగా పోయిందని తేలాలి, దెబ్బ వల్ల వచ్చినది కాబట్టి ఆ తర్వాత కూడా కనీసం రెండు వారాలు ఆగాలి, అప్పుడు కూడా ఛాతీ డాక్టరు సరేనంటేనే అని చెప్పాను.

"అంత దాకా ఆగలేకపోతే?"

"శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కింద బెర్త్ తీసుకోండి. అది కూడా డాక్టరు గార్ని అడిగే."