పిల్లల పేస్టు కొనేటప్పుడు డబ్బా మీది బొమ్మ కాదు, వెనక అంకె చూడుండ్రి

హన్మకొండల మేం సరుకులు తెచ్చుకునే సూపర్ మార్కెట్ల పిల్లల పేస్టులన్నీ కింది అరల పెడ్తరు, పిల్లల చెయ్యి అందేటట్టు. స్ట్రాబెర్రీ, బబుల్ గమ్, మామిడిపండు, మీద ఓ కార్టూన్ బొమ్మ. మా చిన్నోడు బొమ్మ జూసి ఎత్తుకుంటడు, నేను డబ్బా తిప్పి వెనక చదువుత, వాడు మొకం ముడుచుకుంటడు.

వెనక చూడాల్సింది ఒక్కటే, పండ్లు పిప్పి కాకుండ ఆపే ఫ్లోరైడ్ ఎంతుంది అని. మన దేశంల రూల్ ఏందంటే పేస్టుల ఫ్లోరైడ్ 1000 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లల్ల వెయ్యి పాళ్లు) దాటొద్దు, ఎంతుందో ట్యూబు మీద, డబ్బా మీద రాయాలె. పిల్లల పేస్టులల్ల కొన్నిట్ల 500 దాకనే ఉంటది, కొన్నిట్ల అసలే ఉండది, పైంగ అదే గొప్ప అన్నట్టు "మింగినా ఏం కాదు" అని పెద్ద అక్షరాలల్ల రాస్తరు. మింగినా ఏం కాదు, నిజమే, గని పిప్పి పండ్లు రాకుండ ఆపేది అండ్ల ఏమున్నది మరి? కొన్ని డబ్బాల మీద సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ (ఫ్లోరైడ్ ఇచ్చే పదార్థం) 0.76 శాతం అని ఉంటది, అంటే దగ్గరదగ్గర 1000 పీపీఎం అన్నట్టు, 0.38 అని ఉంటే అండ్ల సగం.

ఇంగ ఎంత పెట్టాలె అనేది. పేస్టు కంపెనీ ఏదన్నది కంటే నాకైతే ఇదే అసలు ముచ్చట అనిపిస్తది. మొదటి పన్ను మొలిచిన కాన్నుంచి మూడేండ్ల దాక బియ్యం గింజంత, మూడు నుంచి ఆరేండ్ల దాక బఠాణీ గింజంత, అంతే. టీవీ యాడ్లల్ల బ్రష్షు ఈ కొస నుంచి ఆ కొస దాక పాము లెక్క పరుస్తరు సూడుండ్రి, అది పేస్టు జల్ది అయిపోవాలని తప్ప పండ్ల కోసం కాదు. తోమినంక ఉమ్మేయమనాలె, నీళ్లు పోసి నాలుగుసార్లు పుక్కిలిస్తే ఆ ఉన్న కొంచెం ఫ్లోరైడ్ సుత కొట్టుకపోతది.

మా అత్తమ్మది నల్లగొండ దిక్కు. ఫ్లోరైడ్ అన్న మాట వింటేనే ఆమెకు భయం, భయం ఉండుడు సుత కరెక్టే, గారలు పట్టిన పండ్లు, వంకరపోయిన కాళ్లు ఆమె చిన్నప్పటి నుంచి కండ్లార చూసింది. "గా విషం పోరగాండ్ల నోట్ల ఎందుకు పెడ్తవ్ బిడ్డా" అన్నది. అప్పుడు ఆమెకు లెక్క చెప్పిన. బియ్యం గింజంత అంటే 0.1 గ్రాము పేస్టు అనుకో అత్తమ్మా, 1000 పీపీఎం పేస్టుల అంతల ఉండే ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము, వాడు మొత్తం మింగినా అంతే. తాగే నీళ్లల్ల అయితే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు అని ప్రమాణం, మీ దిక్కు బోర్లల్ల అంతకు ఎక్కువున్న నీళ్లు రోజూ తాగుడు, అండ్లనే అన్నం కూర వండుకునుడు, ఏండ్లకేండ్లు, కష్టం అక్కడ వచ్చింది. ఆమె ఒప్పుకున్నట్టే తల ఊపింది గని ట్యూబు మాత్రం తీస్కపోయి పై అరల పెట్టింది, అది మంచి పనే. ఎందుకంటే ఎనిమిదేండ్ల లోపు చిగుర్ల కింద అసలు పండ్లు తయారైతుంటయి, తియ్యగున్నదని రోజూ పేస్టు చీకితే వాటి మీద తెల్ల మచ్చలు పడే అవకాశం ఉంది. మీ ఇంట్ల బోరు నీళ్లే తాగుతుంటే ముందుగాల నీళ్లు టెస్టు చేయించి, ఆ కాగితం పట్టుకొని పండ్ల డాక్టరును అడుగుండ్రి.

పుదీన పేస్టు పిల్లలకు మంట. పెద్దల పేస్టే బఠాణీ గింజంత పెడ్తే సరిపాయె అనుకునేటోళ్లు ఉంటరు, అంకె సరిగ్గ ఉంటే తప్పేం లేదు గని మా చిన్నోడు "కారం కారం" అని ఉరుకుతడు, అందుకే ఫ్లోరైడ్ ఉన్న మామిడిపండు, స్ట్రాబెర్రీ లాంటి రుచిదే వెతికి తెస్తున్న.

యాప పుల్ల గురించి మామయ్యతోని వాదం పెట్టుకోను, ఆయన పండ్లు ఇప్పటికీ గట్టిగనే ఉన్నయి. గని నాలుగేండ్లోడు పుల్ల నమిలి కుచ్చు చేసుకొని వెనక దంతాల దాక తోముకుంటడా? ఎర్ర పండ్లపొడి మాత్రం వద్దన్న, గరుకుగ ఉంటది, పాల పండ్ల మీది గట్టి పొర, ఎనామెల్, అసలే పల్సగుంటది. ఇంగ వాట్సాప్ల తిరుగుతది కదా, ట్యూబు కింద పచ్చగీత ఉంటే నేచురల్, నల్లగీత ఉంటే కెమికల్ అని, అదంత ఉత్తదే, ఆ గీత ఫ్యాక్టరీల మిషిన్ ట్యూబును యాడ కత్తిరించాల్నో గుర్తుపట్టనీకి.

బ్రష్షు చిన్న తల, మెత్తటి కుచ్చు, మూడు నెలలకోసారి మార్చుడు, కుచ్చు ముందే విచ్చుకుంటే అప్పుడే పారేసుడు. లైటు వెలిగేటివి, పాట పాడేటివి మీ ఇష్టం. మౌత్ వాష్ ఆరేండ్ల లోపు పిల్లలకు అక్కర్లేదు, మింగుతరు.

అందరు చెప్పే మాట ఒకటున్నది, "పాల పండ్లే కదా, ఊడిపోతయి తియ్". ముందటివి ఆరేడేండ్లకు ఊడుతయి గని వెనక పాల దంతాలు పది పన్నెండేండ్ల దాక ఉంటయి, వచ్చే పండ్లకు జాగ ఆపి పెట్టేటివి అవే. మేడారం జాతర నుంచి బంగారం, అంటే ప్రసాదం బెల్లం, తెచ్చినప్పుడు, బతుకమ్మకు మలీద ముద్దలు చేసినప్పుడు మా ఇంట్ల నేనేం ఆపను, బెల్లం తినకుంటే ఆ పండుగెందుకు, గని పగలే తినాలె, రాత్రి తోమినంక నీళ్లు తప్ప ఏం లేదు. దగ్గు సిరప్ సుత తోమక ముందే పోస్త, చాలా సిరప్పులల్ల చక్కెర ఉంటది.

తోమేది కూడ ఏడెనిమిదేండ్ల దాక పెద్దోళ్లే తోమాలె. ఆరేండ్లప్పుడు ఆఖరి పాల దంతం వెనక, ఏ పన్ను ఊడకుండనే, కొత్త దంతం ఒకటి మొలుస్తది, కింద రెండు, మీద రెండు. చాలా మంది అదీ పాల పన్నే అనుకుంటరు, గని అది జీవితాంతం ఉండేది. సగం మొలిచినప్పుడు పక్క పన్ను కంటే పొట్టిగ ఉంటది, మామూలుగ తోమితే బ్రష్షు దానికి తగలనే తగలది, బుగ్గ పక్క నుంచి అడ్డంగ పెట్టి తోమాలె. దాని గుంటలు లోతుగున్నయని డాక్టరు చెప్తే సీలెంట్, అంటే ఆ గుంటలు మూసే పూత, వేయించుకోవచ్చు, సూది ఉండది, డ్రిల్లు ఉండది, మా పెద్ద బిడ్డకు గట్లనే వేయించినం.