అవ్వ నులక మంచం, ఆరంగుళాలు

మా పాప బొమ్మరింట్లో సోఫా లేదు, డైనింగ్ టేబులూ లేదు. అది మా అవ్వ ఇల్లు. పెనుమూరు దగ్గరి పల్లెలో ఉండేది. అక్కడ అందరూ కూర్చునేది పంచలోని నులక మంచం మీదే.

పోయిన వేసవిలో ఆ ఇల్లు పడగొట్టారు. వాసాలు, తలుపులు అమ్మేశారు. మామ నాకోసం ఒక టేకు కిటికీ రెక్క, పశువుల కొట్టంలో దొరికిన మంచం కోడు, అంటే మంచం కాలు, ఒకటి దాచి ఉంచాడు. మిగతా మూడు కోళ్లూ ఎప్పుడో పొయ్యిలోకి పోయాయట. ఆ రెండూ ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరుపతికి తెచ్చుకున్నాను.

దసరా కొలువులో పెట్టే ఎర్రచందనం జంట బొమ్మలు మా ఇంట్లో ఉన్నాయి, నా పెళ్లికి ఇచ్చినవి. వాటికి ఇల్లు కావాలని పాప రెండేళ్లుగా అడుగుతోంది. బొమ్మ ఎత్తు అయిదున్నర అంగుళాలు, మనిషి అయిదున్నర అడుగులు. కాబట్టి అడుగుకి అంగుళం, పన్నెండో వంతు. ప్రపంచంలో బొమ్మరిళ్లు చేసేవాళ్లు ఎక్కువగా పాటించే కొలత కూడా ఇదే. 1924లో పూర్తయి, ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో ఉన్న మేరీ రాణి బొమ్మరిల్లుదీ ఇదే లెక్క. దాన్ని డిజైన్ చేసిన లుట్యెన్సే మన రాష్ట్రపతి భవన్‌కీ ప్లాన్ గీశాడు.

నేను చేస్తున్నదీ ఎర్రచందనంతోనేనా అని అందరూ అడుగుతారు, తిరుపతి కదా. కాదు. శేషాచలం కొండల్లో దాన్ని ఎలా నరికేస్తున్నారో చూస్తూ ఆ చెక్క ముట్టుకోవాలని నాకు లేదు. పైగా నాకు కావాల్సింది అవ్వ ఇంటి చెక్కే. అయితే టేకుతో ఒక చిక్కుంది. తలుపులో అందంగా కనిపించే గీతలు అంగుళం పీట మీద మరీ పెద్దవిగా కనిపిస్తాయి, పీట పీటలా ఉండదు. మా వీధి చివర ఉండే ఆచారి గారికి చూపిస్తే, కిటికీ రెక్కను వెలుతురులో అటూ ఇటూ తిప్పి, గీతలు దగ్గరదగ్గరగా ఉన్న అంచు మీద పెన్సిలుతో గీత గీశారు. "ఇంతవరకే వాడు పాపా, మిగతాది గోడలకి పెట్టుకో" అన్నారు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. వెర్నియర్‌తో ఆ కోడును కొలిచిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి రెండు బెజ్జాలున్నాయి, ఒకటి పొడుగు పట్టెకి, ఒకటి అడ్డ పట్టెకి. రెండూ ఒకే ఎత్తులో లేవు. ఒకటి కాస్త పైన, ఒకటి కాస్త కింద. ఒకే ఎత్తులో ఉంటే పట్టెల కొసలు కోడు లోపల ఒకదానికొకటి తగులుకుంటాయి. చిన్నప్పుడు ఎన్నో మధ్యాహ్నాలు ఆ మంచం మీద పడుకున్నాను, ఈ సంగతి ఎప్పుడూ చూడలేదు.

ముప్పై మిల్లీమీటర్ల బెజ్జం పన్నెండో వంతుకి రెండున్నర మిల్లీమీటర్లు అవుతుంది. ఆరు మిల్లీమీటర్ల కోడులో అలాంటివి రెండు పెట్టాలి. చెక్కిన కోడుకి డ్రిల్లు పెడితే ప్రతిసారీ నార వెంబడి చీలిపోయింది. ఏడు పోయాక ఆచారి గారే దారి చెప్పారు. ముందు లావు పుల్లకి బెజ్జాలు వేసి, ఆ తర్వాత వాటి చుట్టూ కోడు చెక్కాలి. తర్వాతి నాలుగూ నిలిచాయి.

అవ్వ మంచానికి కిత్తనార నులక. దాని లావులో పన్నెండో వంతంటే అర మిల్లీమీటరు. క్రోషే దారం సరిపోయింది, తెల్లదనం పోవడానికి టీ డికాక్షన్‌లో నానబెట్టాను. అల్లిక అమ్మ చెప్పింది, టేబుల్ మీద వేలితో గీస్తూ: రెండు పోగులు పైన, రెండు కింద, వరస మారినప్పుడు ఒక పోగు జరగాలి. సూదిని తిరగేసి, బెజ్జం ఉన్న కొసను ముందుగా పోనిచ్చాను. మొనతో కుడితే దారం చీలుతోంది. మూడు ఆదివారాలు పట్టింది.

మంచం ఎక్కడా ఫెవికాల్ చుక్క పడలేదు. అల్లకముందు ఎటు తోస్తే అటు వాలిపోయేది. సగం అల్లేసరికి నిలబడింది. చివరి వరస బిగించగానే నాలుగు మూలలూ ఒక్కసారిగా గట్టిపడ్డాయి, వేళ్లకి తెలిసింది. పట్టెల్ని కోళ్లలోకి లాగిపట్టి ఉంచేది దారం బిగువే. టెన్షన్ గురించి బోర్డు మీద ఇన్నేళ్లుగా బాణం గుర్తులు గీస్తున్నాను. ఈ ఏడాది ఆ పాఠం రోజు ఈ మంచాన్ని క్లాసుకి పట్టుకెళతాను.

మిగతావి తొందరగానే అయ్యాయి. ఉయ్యాల బల్లకి గాంధీ రోడ్డులో కొన్న గిల్టు గొలుసులు, కవ్వానికి అగరుబత్తి పుల్ల. పీటలకి మాత్రం ఫెవికాల్ అంటిన చోట పాలిష్ పట్టలేదు. గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేయాలి.

నిన్న రాత్రి మంచాన్ని అమ్మ అరచేతిలో పెట్టాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. చూపుడు వేలితో మధ్యలో ఒకసారి, కాళ్ల వైపు ఒకసారి నొక్కింది.

"కాళ్ల పక్క వదులుగా ఉంది పాపా, ఇంకొంచెం బిగించు" అంది.

ఇవాళ సాయంత్రం బిగించాను.