కొమ్ముల గుడ్లగూబ తిండి లెక్క

ఎంఎస్సీ జువాలజీ ప్రాజెక్టుకు నేను కొమ్ముల గుడ్లగూబ తిండిని ఎంచుకున్నాను. మాది కనిగిరి పక్కన పల్లె. బలుసు, రేగు, సర్కారు తుమ్మే ఎటు చూసినా. గుడ్లగూబ అనగానే చెట్టు తొర్ర గుర్తొస్తుంది గానీ ఈ పక్షి గూటికి చెట్టుతో పని లేదు. రాతి అరుగు మీదో, వాగు గట్టులోనో, పాత క్వారీ గోడ సందులోనో, పుల్లా పుడకా పేర్చకుండా ఉత్త మట్టిలో గుడ్లు పెడుతుంది.

ముందు చోటు దొరకాలి. గొర్రెలు కాసే మామనడిగితే, "పాత క్వారీలో రాయి మీద సున్నం కారినట్టు రెట్ట కనపడతది చూడబ్బాయా, దాని కింద వెతుకు" అన్నాడు. గుడ్లగూబ కక్కిన ఉండలు అక్కడే దొరికాయి. గుడ్లగూబ చిన్న ఎలుకను నమలకుండా మింగుతుంది. మాంసం అరిగిపోగా మిగిలిన వెంట్రుకలు, ఎముకలు కడుపులో ఉండలా చుట్టుకుంటే కక్కేస్తుంది. డేగ కడుపులో ఎముకలు చాలావరకు కరిగిపోతాయి. గుడ్లగూబ కడుపులో ఆమ్లం అంత ఘాటుగా ఉండదు కాబట్టి పుర్రెలు కూడా దాదాపు అలాగే బయటపడతాయి.

గూటి దగ్గరికి మాత్రం నేను పోలేదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు, పిల్లలు ఉండే కాలం. ఆడది సుమారు 5 వారాలు పొదుగుతుంటే మగది తిండి తెస్తుంది. మన అలికిడికి అది లేచిపోతే ఆ ఎండకు గుడ్ల గతేంటి? ఫొటో కోసం అరుగెక్కేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బైనాక్యులర్స్‌తో దూరం నుంచే చూశాను. గుడ్లు ఒకేసారి పొదగబడవు కాబట్టి పిల్లలు చిన్నా పెద్దా ఉంటాయి. తిండి తగ్గితే ముందు చిన్నదానికే ముప్పు.

అసలు పని ఇంట్లోనే. గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. ఒక్కో ఉండను తేదీ రాసిన కాగితం కవర్లో ఆరబెట్టి, తర్వాత గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాను. మెత్తబడ్డాక సూదితో, పట్టకారుతో వెంట్రుకలు విడదీసి, ఎముకలు నల్ల కాగితం మీద పరిచాను. ఎలుక జాతికి ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య ఖాళీ ఉంటుంది, పొడుగు మూతి చుంచుకు ఉండదు. పందికొక్కు ముందు పళ్లు వెడల్పుగా, మందంగా ఉంటాయి. తోక చివర కుచ్చుండే జెర్బిల్ అనే ఎలుకకైతే పై ముందు పంటి మీద నిలువునా సన్నటి గాడి. భూతద్దంలో ఆ గాడి మొదటిసారి కనపడ్డప్పుడు అమ్మను పిలిచి చూపించాను. ఎడమ దవడలు, కుడి దవడలు విడివిడిగా లెక్కపెట్టి, ఏది ఎక్కువుంటే అన్ని జంతువులు తిన్నట్టు రాసుకోవాలి. లేకపోతే ఒకే ఎలుక రెండుసార్లు లెక్కలోకొస్తుంది.

పిట్టల ముక్కులు, పేడపురుగుల రెక్కలు కూడా దొరికాయి గానీ ఎక్కువ ఎలుకలే. పిల్లలు పెరిగే రోజులూ, శనగ కోతల రోజులూ ఒకటే మరి.

బాబాయి చేను ఆ క్వారీకి ఆనుకునే ఉంది. దవడలు చూసి "ఇన్ని కొక్కులా!" అని ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. చేలో పెట్టే ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదనీ, మత్తుగా తిరుగుతూ సులువుగా దొరుకుతుందనీ, దాన్ని మింగితే పక్షీ పోవచ్చనీ చెప్పాను. "సరే, ఈ ఏడు క్వారీ వైపు మందు బదులు ఎలుకలు పట్టే బుట్టలు పెట్టేవాళ్లను పిలిపిద్దాం. రోడ్డు వైపు సంగతి మళ్లీ చూద్దాంలే" అన్నాడు.