లారీ వంతెన ఎక్కలేదు, మీద పడింది

నిన్న మధ్యాహ్నం నా ఎం.టెక్. వైవా అయిపోయింది. వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

నా టాపిక్ వాహనానికీ వంతెనకూ మధ్య జరిగే డైనమిక్ ఇంటరాక్షన్. లారీ వెళ్తే వంతెన వంగుతుంది, వంతెన వంగితే లారీ ఊగుతుంది, ఆ ఊపు మళ్లీ వంతెన మీదే పడుతుంది. ఇంగ్లాండ్‌లో 1847లో కూలిన డీ నది రైలు వంతెన, 1849లో గణిత శాస్త్రవేత్త స్టోక్స్ అలాంటి వంతెనల మీద కట్టిన లెక్క, వీటితో మొదటి చాప్టర్ రెండు రోజుల్లో అయింది. వంతెన బదులు తీసుకున్న 25 మీటర్ల బీమును ఎలిమెంట్లుగా, అంటే చిన్న ముక్కలుగా, విడగొట్టడం ఒక్క పూట పని. లారీ అంటే స్ప్రింగు మీద ఒక బరువు, అంతే. డ్యాంపింగ్, అంటే ఊపును చల్లార్చే గుణం, తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. కదలికను చిన్న చిన్న కాలపు అడుగుల్లో లెక్కించే న్యూమార్క్ పద్ధతి కోడు సీనియర్ ఇచ్చాడు, ‘కళ్లు మూసుకుని వాడుకో’ అన్నాడు. నిజంగానే మూసుకున్నాను.

60 కి.మీ. వేగంతో లారీని పంపితే, అది కదలకుండా నిలబడినప్పటికంటే వంతెన 80 శాతం ఎక్కువ వంగింది. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ఫార్ములా ప్రకారం, అంటే 4.5ను (6 + మీటర్లలో వంతెన పొడవు)తో భాగిస్తే, 14.5 శాతమే రావాలి. ఫార్ములా తప్పని స్లైడు పెట్టేశాను, అదీ ఎర్ర అక్షరాలతో.

వైవాకి ముందు జరిగిన రివ్యూకి బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ అడిగారు: “బాబూ, అదే లారీని 5 కి.మీ. వేగంతో పంపి చూశావా?” చూడలేదు. అందరి ముందే రన్ చేయించారు. గ్రాఫులో నున్నటి వంపు రావాల్సిన చోట రంపపు పళ్లు వచ్చాయి, వంగడం రెట్టింపు దాటింది. “లారీ పాకుతూ పోతుంటే వంతెనకి ఈ వణుకేంటి, చలిజ్వరమా?” అన్నారు. హాలంతా నవ్వింది. మా గైడ్ కూడా నవ్వారు. నాకు కాలింది అక్కడే.

రెండు వారాలు నిద్ర లేదు. టైమ్ స్టెప్ (ఆ కాలపు అడుగు) సగం చేశాను, ఎలిమెంట్లు రెట్టింపు చేశాను. పళ్లు పోలేదు. గైడ్ ‘లిటరేచర్ చూడు’ అన్నారు. చూసిన ప్రతి పేపర్లో అందమైన గ్రాఫులే. లారీని ఏ స్థితిలో మొదలుపెట్టారో ఒక్కరూ రాయరు, దాచుకునే వంట రహస్యంలాగా!

ఒక రాత్రి విసుగొచ్చి ఆ పళ్లు లెక్కపెట్టాను. 18 సెకన్లలో 27. అంటే సెకనుకు ఒకటిన్నర. నా వంతెన సహజంగా ఊగేది సెకనుకు 4 సార్లు. ఒకటిన్నర లారీది! వణికేది వంతెన కాదు, గెంతేది లారీ. సొంత బరువుకి దాని కమాన్ కట్టలు 11 సెంటీమీటర్లు అణిగి ఉండాలి. నా కోడులో సున్నా దగ్గర మొదలయ్యాయి. లారీ వంతెన ఎక్కలేదు, ఎవరో ఎత్తి పట్టుకుని వదిలేసినట్టు పడింది. బరువు ఒక్కసారిగా వదిలితే రెట్టింపు వంగుతుందని బీటెక్ రెండో ఏడాదే చదివాం. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, నేనే పట్టుకున్నాను.

కదలికలను అణిగిన స్థితి నుంచి కొలవడానికి ఒక్క లైను మార్చాను. వంతెనకు ముందు 100 మీటర్ల రోడ్డు, సస్పెన్షన్‌కి డ్యాంపింగ్ కూడా ఇచ్చాను. నున్నటి రోడ్డు మీద 80 కాస్తా 8 శాతానికి దిగింది. మీరు చేసేటప్పుడు ముందు లారీని పాకించండి. సీనియర్ కోడు తీసుకుంటే అతని ఎదుటే పాకించండి.

వైవాలో ఆ 5 కి.మీ. గ్రాఫునే మొదటి స్లైడుగా పెట్టాను. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయన్నారు, తర్వాతి స్లైడు అడిగారు.