వాటం

కార్తీక సోమవారం. పొద్దున్నే ఐదింటికి లేచి వంటింటి వెనక తలుపు తీస్తే పెరడంతా నీళ్ళు. వాన నీళ్ళు కావు. రాత్రి అంట్లు తోమిన నీళ్ళే, తూములోకి పోవాల్సినవి పోకుండా వెనక్కి ఎక్కొచ్చి తులసికోట దాకా నిలబడున్నాయి. పైన తెల్లటి నురగ, నురగ మీద మినప్పొట్టు. ఆ పొట్టు కంటపడగానే తప్పు ఎవరిదో సగం తెలిసిపోయింది నాకు. పైకి ఒప్పుకోడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది.

మాది నెల్లూరు, మూలాపేట. మా మామగారి నాన్న కట్టించిన మండువా ఇల్లు. అరుగు, నడవ, మండువా, వంటిల్లు, పెరడు అన్నీ ఒకే వరసలో రైలుపెట్టెల్లాగా ఉంటాయి. పెరటి గోడ నుంచి వీధి కాలవకి డెబ్బై అడుగులు. అంత ఇంటికీ తూము ఒక్కటే. పెరట్లో మొదలై, మండువాలో పడే వాన నీళ్ళు కలుపుకుని, నడవ బండల కింద నుంచి పోయి వీధిలో పడుతుంది. దొడ్డికి సెప్టిక్ ట్యాంకు వేరే ఉంది కాబట్టి బతికిపోయాం, లేకపోతే ఆ సోమవారం సంగతి ఇక్కడ రాసేదాన్నే కాదు.

ఇంట్లోనే ఇడ్లీ పిండి, దోశ పిండి రుబ్బి అమ్ముతాను. రోజుకు ఎనిమిది కిలోల బియ్యం, మూడు కిలోల మినుములు. పొట్టు మినుములే నానబోస్తాను, పిండి బాగా పొంగుతుందని. నానాక పిసికి పొట్టు కడగాలి. ఎంత వడగట్టినా కొంత జారిపోతుంది. అది తూములోకే పోతోందని తెలుసు. నీళ్ళతో పాటు పోతుందిలే అనుకునేదాన్ని.

ముందు అందరూ చేసేదే చేశాను. వేడినీళ్ళు పోశాను. పక్కింటి బాబాయి గారు వెదురు బద్ద తెచ్చి పొడిచారు. ఎనిమిది అడుగులు పోయి ఆగింది, లాగితే కొస విరిగి లోపలే ఉండిపోయింది. వాసనకి తట్టుకోలేక పొద్దున గుప్పెడు బ్లీచింగు పొడి చల్లాను. సాయంత్రం కిరాణాకొట్లో బాత్రూం యాసిడ్ సీసా కొని తెచ్చి అదే తూములో వంచాను. పొద్దున వేసింది గుర్తే లేదు. పసుపు రంగు పొగలాంటిది లేచింది. కళ్ళు మండి, గొంతు పట్టేసి, దగ్గుతూ వీధి అరుగు మీదకు వచ్చి పడ్డాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుందని మా అబ్బాయి బెంగుళూరు నుంచి ఫోన్లో తిట్టాక తెలిసింది. అదే గ్యాసుని 1915లో యుద్ధంలో మనుషుల మీదకి వదిలారట. "అమ్మా, నువ్వు పెరట్లో వదిలావు" అన్నాడు. రెండు రోజులు గొంతు బొంగురు. ఇంట్లో ఎవరైనా బ్లీచింగు, యాసిడ్ పక్కపక్కన పెట్టుకుని ఉంటే ఇది చదవడం ఆపి ముందు వాటిని విడదీయండి.

నాలుగో రోజు మేస్త్రి వచ్చాడు. అరవై దాటిన మనిషి, మా మామగారి హయాంలో ఈ ఇంటి పెంకులు మార్చినవాడు. తూము వైపు చూడనేలేదు. తిన్నగా వీధిలోకి పోయి గుమ్మం ముందు నిలబడి మెట్లు లెక్కపెట్టాడు.

"అమ్మా, నువ్వు కాపరానికి వచ్చినప్పుడు ఎన్ని మెట్లుండాయి?"

నేనొచ్చింది 1994లో. ఐదు మెట్లు. పేరంటాలకి వచ్చిన ఆడవాళ్ళు చెప్పులు వరసగా విడిచేవాళ్ళు వాటి మీద. ఇప్పుడు రెండే. మిగతా మూడూ ఏమయ్యాయంటే, రోడ్డు కింద ఉన్నాయి. ఒకసారి తారు, తర్వాత సిమెంటు, దాని మీద మళ్ళీ సిమెంటు. పాతది తవ్వకుండా దాని మీదే పోసుకుంటూ పోయారు, దాంతో పాటు కాలవ గట్లూ అడుగూ లేచాయి. ఇన్నేళ్ళూ ఆ మెట్ల మీదుగానే ఎక్కి దిగాను. ఒక్కోటీ మాయమవుతుంటే, మోకాళ్ళకి సుఖంగా ఉందనుకున్నానే గాని తూము సంగతి తట్టలేదు.

మేస్త్రి సంచిలోంచి పొడుగాటి తెల్ల ట్యూబు తీశాడు. అందులో నీళ్ళు నింపి, ఒక కొస పెరట్లో నా చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని నడవలోంచి వీధిలోకి పోయాడు. ట్యూబు రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టానికి నిలబడతాయి కదా, అక్కడికి ఇక్కడికి గీతలు గీసి టేపు పెట్టాడు. తూము మొదలుకీ వీధి కాలవలో పడే చోటికీ తేడా పదకొండు అంగుళాలు.

"నాలుగంగుళాల పైపుకి నలభై అడుగులకి ఒక అడుగు వాటం కావాల. నీది డెబ్బై అడుగులు. అంటే ఇరవై ఒక్క అంగుళం. నీకుండేది దాంట్లో సగం. నీళ్ళకి నువ్వెంత మొక్కినా ఎగువకి పోవమ్మా."

వాటం మరీ ఎక్కువైనా ఇబ్బందేనట, నీళ్ళు ఉరికిపోయి చెత్త వెనకబడిపోతుంది. తక్కువైతే నీళ్ళు నడుస్తాయి గాని మోసుకుపోయే బలం ఉండదు, ఉన్నదంతా అడుగున దిగిపోతుంది. 2015 నవంబరు వానల్లో వీధి నీళ్ళు ఈ తూములోంచే మండువాలోకి తన్నుకొచ్చాయి. అప్పుడు వరదనుకున్నాం. వరదే, కానీ దారి మాత్రం మన తూమే.

నడవలో రెండు బండలు లేపారు. కింద జాడీలకి పూసినట్టు నున్నటి పూత ఉన్న మట్టి గొట్టాలు, మూతికి మూతి సిమెంటుతో అతికినవి. ఒక అతుకులోంచి బాబాయి గారి గోడ మీద మొలిచిన రావి వేళ్ళు దూరి, లోపల జడలా అల్లుకున్నాయి. గొట్టం పగలగొట్టి అడ్డంగా కోసినట్టు చూపించాడు మేస్త్రి. అది చూసి అక్కడే చతికిలబడ్డాను.

అట్టడుగున నల్లటి మెత్తటి పొర. బూడిద. మా అత్తగారు అంట్లకి పొయ్యి బూడిదే వాడేది. అందులో టెంకాయ పీచు, చింతపండు ఈనెలు అట్లాగే ఉన్నాయి, వేలితో లాగితే ఊడొచ్చాయి. దాని మీద నా కాలం మొదలు. పసుపు తెలుపు కలిసిన గట్టి పొర, మూడంగుళాలు. జిడ్డు కదా, మెత్తగా వెన్నలా ఉంటుందనుకున్నా. గోటితో గీకితే సుద్దముక్కలా పొడి రాలింది. మట్టిగోడ మెత్తేటప్పుడు ఊక కలిపినట్టు అందులో అంతా మినప్పొట్టు. మధ్యలో రెండు షాంపూ ప్యాకెట్ల మూలలు. వాటిని మాత్రం మా అబ్బాయి ఖాతాలో రాశాను.

నూనె అంత రాయి ఎట్లా అయిందో వాడే చెప్పాడు. నూనె మురుగులో విడిపోయి అందులోని ఆమ్లాలు నీళ్ళలో ఉండే సున్నంతో కలుస్తాయట. కలిస్తే కరగని సబ్బు అవుతుంది. మా బోరు నీళ్ళు ఎంత సున్నమో టీగిన్నె అడుగు చూస్తే చాలు. లండన్‌లో వైట్‌చాపెల్ అనే చోట 2017లో కాలవలో ఇట్లాంటిదే దొరికిందట, 250 మీటర్ల పొడుగు, 130 టన్నుల బరువు. అందులో ఒక ముక్కని మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టి జనానికి చూపించారట కూడా. ఫోటో పంపాడు. రంగు అచ్చం మా నడవలోదే.

మా అత్తగారి రోజుల్లో ఈ గొట్టం ఎందుకు పూడలేదని రాత్రంతా ఆలోచించాను. నూనె తక్కువ వాడడం ఒకటి. అసలు సంగతి, పెరట్లో గేదె ఉండేది. బియ్యం కడుగు, గంజి, పొట్టు, మిగిలిన పులుసు, అన్నీ కుడితి తొట్లోకే. గేదె తాగగా మిగిలినవి ఉత్త నీళ్ళు, అవే తూములోకి. గేదెను అమ్మేసిన ఏడాది నాకు బాగా గుర్తు, పాలప్యాకెట్టు వేయించుకోవడం మొదలుపెట్టాం. ఆ తర్వాత కుడితి ఎవరు తాగాలి? గొట్టమే తాగింది.

పని మధ్యలో ఒక గొడవ. వీధి మలుపులో ఉన్న పెద్ద గుంట కూడా నిండి ఉంది, మనిషి లోతు కంటే ఎక్కువే. "ఎవరైనా కుర్రాణ్ణి దించితే పది నిమిషాల పని" అన్నారు బాబాయి గారు. మేస్త్రి తాపీ కింద పెట్టేశాడు. "నేను దిగను సామీ, నా మనుషుల్ని దించను. ఆ గాలికి కేకేసే టైము కూడా ఉండదు." 2013లోనే చట్టం వచ్చింది, రక్షణ లేకుండా మురుగు గుంటల్లోకి మనిషిని దించడం నేరం. అట్లా చనిపోయిన వాళ్ళ కుటుంబానికి 30 లక్షలివ్వాలని సుప్రీం కోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ఇదంతా బాబాయి గారికి చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు, ఏళ్ళ తరబడి చూసిన పద్ధతి అది. మూడు రోజులు ఫోన్లు చేస్తే నీళ్ళు కొట్టే బండి వచ్చింది, పైనుంచే అరగంటలో తేల్చేసింది.

రోడ్డుని నేను దించలేను. అందుకని పెరడే లేపాం. తొమ్మిదంగుళాలు మట్టి పోసి బండలు పరిచారు, ఆ తేడాతో వాటం ఇరవై అంగుళాలు వచ్చింది. "అంగుళం అప్పు పెట్టుకున్నాంలే" అన్నాడు మేస్త్రి. పాత మట్టి గొట్టాల బదులు పీవీసీ పైపు, మధ్యలో మూత తీసి చూసుకునే గుంటలు రెండు. వంటింటి బయట ఒక చిన్న తొట్టి కట్టాడు. అందులో జిడ్డు పైన తేలుతుంది, పొట్టు కింద దిగుతుంది, మధ్యలోని నీళ్ళు మాత్రం పైపులోకి పోతాయి. వీధి కొసకు ఒకవైపే తెరుచుకునే రేకు తలుపు, కాలవ నిండితే వెనక్కి రాకుండా.

తూము మూతి దగ్గర వంపు గొట్టం పెట్టించాను. ఆ వంపులో నిలిచే కాసిని నీళ్ళే లోపలి వాసనని ఆపుతాయి. ఇది 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడి బుర్రలోంచి వచ్చిందట. మా ఇంటికి చేరడానికి ఇన్నేళ్ళు పట్టింది. వేసవిలో ఊరెళ్ళే ముందు అందులో చెంబెడు నీళ్ళు పోసి పోవాలి, ఎండిపోతే వాసన తిరిగొస్తుంది.

తొమ్మిది రోజులు, ముప్పై ఎనిమిది వేలు. పిండి అమ్మకం ఆగిన నష్టం అందులో కలపలేదు. తొట్టి వారానికోసారి నేనే తోడుతున్నాను. మొదటిసారి కడుపులో తిప్పింది, ఇప్పుడు అలవాటైంది. పొట్టు, కడుగు ఒక బకెట్లో పెడితే మైపాడు రోడ్డు వైపు గేదెలున్న పాలామె రోజూ పైటేళకి వచ్చి పట్టుకుపోతోంది. డబ్బులేం ఇవ్వదు. పండక్కి జున్ను ఇస్తానంది.

పని అయిన వారానికే వాయుగుండం పట్టింది. రెండు రోజులు కుండపోత. రెండో రాత్రి నిద్ర రాక మండువా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. నీళ్ళు నాలుగు వైపుల పెంకుల మీంచి దూకి, జాలీ దగ్గర ఒక సుడి తిరిగి, గుటక వేసినట్టు చప్పుడు చేస్తూ లోపలికి పోతున్నాయి. ఎక్కడా నిలవలేదు. ఆ గుటకల చప్పుడు వింటూ అక్కడే కునుకు తీశాను.

నిన్న మాపటికి మా వీధి చివర కంకర దించిపోయారు, రెండు లారీలు. కొత్త రోడ్డంట. పాతది తవ్వి వేస్తారా, దాని మీదే పోస్తారా అని అడిగితే లారీ డ్రైవరు తలగోక్కున్నాడు. "మాకేం తెలుసక్కా, దించి పొమ్మన్నారు, దించినాం." పొద్దున్నే ఏడింటికి మేస్త్రికి ఫోను చేసి టేపు పట్టుకుని రమ్మన్నాను. కాంట్రాక్టరు వచ్చేసరికి ఆ రెండు మెట్ల మీద మేమిద్దరం కూర్చుని ఉంటాం.