కౌమారంలో మద్యం, పెద్దయ్యాక ప్రవర్తన: ఎలుకలతో మా ప్రయోగం నడిచే తీరు

మేం వాడేది విస్టార్ ఎలుకలు, ప్రయోగశాలల్లో పెంచే తెల్ల ఎలుకల రకం. పుట్టిన 25వ రోజు నుంచి 54వ రోజు దాకా రెండు రోజులు మద్యం, రెండు రోజులు విరామం. మొత్తం 16 డోసులు. విడతలు విడతలుగా, ఒక్కసారే ఎక్కువగా తాగే కుర్రకారు అలవాటుకు దగ్గరగా ఉండే పద్ధతి ఇది.

ముందు కాగితాల పని. జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీ అనుమతి గురించి అందరికీ తెలుసు. ఎక్సైజ్ పర్మిట్ సంగతే చివరిదాకా గుర్తుకు రాదు. అది లేకుండా ల్యాబ్‌కైనా అబ్సల్యూట్ ఆల్కహాల్ (నీళ్లు దాదాపు లేని ఇథనాల్, అంటే మద్యంలోని ఆల్కహాల్) ఇవ్వరు. పిల్లలకు 25వ రోజు వచ్చేసరికి సీసా లేకపోతే ఆ బ్యాచ్ వృథా. కాబట్టి పర్మిట్ చేతికొచ్చాకే ఎలుకలను జతకలపాలి.

డోసు కిలో బరువుకు 5 గ్రాములు, ద్రావణం 20 శాతం. ఈ 20 శాతం దగ్గరే లెక్క తప్పుతుంది. 100 మి.లీ. ద్రావణంలో 20 గ్రాముల ఇథనాల్ ఉండాలి. దాని సాంద్రత మి.లీ.కి 0.789 గ్రాములు కనుక 25.3 మి.లీ. కొలిచి, నీళ్లతో 100 మి.లీ.కి నింపాలి. 20 మి.లీ. పోసి సరిపెడితే ఎలుకకు అందేది కిలో బరువుకు 4 గ్రాముల లోపే. సరిగ్గా కలిపితే 100 గ్రాముల ఎలుకకు 2.5 మి.లీ. పడుతుంది. ఈ వయసులో బరువు వేగంగా పెరుగుతుంది, డోసు ఇచ్చే ప్రతి రోజూ తూకం వేయాల్సిందే.

గవేజ్ సూదిని (ద్రవాన్ని నోటి ద్వారా నేరుగా పొట్టలోకి పంపే మొండి సూది) నోటి నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి గుర్తు పెడతాం. అది దానంతటదే జారాలి. అడ్డు తగిలితే నెట్టకుండా బయటికి తీసేయాలి. ముక్కులోంచి నురగ, ఎగశ్వాస కనిపిస్తే ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోయినట్టే. కంట్రోల్ గుంపుకు (పోల్చి చూడటానికి మద్యం ఇవ్వని ఎలుకలకు) అదే పరిమాణంలో నీళ్లు పట్టిస్తాం. సూది పెట్టే ఒత్తిడి కూడా ప్రవర్తనను మార్చగలదు, అందుకే అసలు సూది పెట్టని మూడో గుంపు ఉండాలంటాను.

డోసు ఇచ్చిన గంటకు తోక నుంచి కాస్త రక్తం తీస్తాం. ట్యూబు మూత వెంటనే బిగించకపోతే ఆల్కహాల్ ఆవిరై రీడింగ్ తక్కువగా వస్తుంది.

ప్రవర్తన పరీక్షలు 80వ రోజు దాటాక, విత్‌డ్రావల్ (మద్యం ఆపేశాక వచ్చే ఇబ్బందుల) ప్రభావం పూర్తిగా పోయాక. తక్కువ ఒత్తిడిది ముందు: ఓపెన్ ఫీల్డ్ (ఖాళీ పెట్టెలో తిరగనివ్వడం), తర్వాత ప్లస్ మేజ్ (ఎత్తులో ఉండే ప్లస్ ఆకారపు దారి; రెండు చేతులకు గోడలుంటాయి, రెండు తెరిచి ఉంటాయి), ఆఖర్న నీళ్ల మేజ్. ప్లస్ మేజ్‌లో ఒక ఎలుకను ఒక్కసారే పెట్టాలి. రెండోసారి అది తెరిచిన చేతుల వైపు సరిగా పోదు.

అసలు విషయం నీళ్ల మేజ్‌లో ఉంది. నీళ్లలో దాచిన మెట్టు ఎక్కడుందో నేర్చుకోవడంలో సాధారణంగా తేడా కనబడదు. అక్కడితో ఆపేస్తే ‘ప్రభావం లేదు’ అని రాసేస్తారు. మెట్టును ఎదుటి భాగానికి మార్చి చూడాలి: కౌమారంలో మద్యం పట్టించిన ఎలుక పాత చోటే వెతుకుతూ ఉంటుంది. పలు ల్యాబుల్లో మళ్లీ మళ్లీ తేలింది ఇదే. బేసల్ ఫోర్‌బ్రెయిన్‌లో (మెదడు ముందు భాగంలోని అడుగు ప్రాంతం) ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనాన్ని తయారుచేసే న్యూరాన్ల గుర్తులు తగ్గడం కూడా ఈ ఎలుకల్లో చూశారు. ఈదే వేగం మాత్రం విడిగా కొలవాలి. నెమ్మదిగా ఈదే ఎలుక మతిమరుపుదిలా కనిపిస్తుంది.

ఇక గణాంకాలు. ఒకే తల్లి కాన్పులోని ఆరు పిల్లల్ని మద్యం గుంపులో వేస్తే లెక్కకు అవి ఆరు నమూనాలు కాదు, దాదాపు ఒకటే. ప్రతి కాన్పు నుంచి ఒక్కో గుంపుకు ఒక మగ, ఒక ఆడ చొప్పున పంచుతాం. పేపర్లు చదివేటప్పుడు గ్రాఫుల కన్నా ముందు నేను వెతికేది ఎన్ని కాన్పుల పిల్లలో చెప్పే వాక్యాన్నే.