తోటివాళ్లు రాసిన అవార్డు

"పైపు పగిలిందని ఫోన్ వస్తే, ఏ వాల్వు కట్టేయాలో మ్యాపు చూడకుండానే చెప్తారు. అంతేకాదు, కొత్తగా చేరినవాళ్లని వెంటబెట్టుకుని తిప్పి, ప్రతి వాల్వూ చూపిస్తారు." మైకులో ఈ మాటలు చదువుతుంటే నీటి సరఫరా విభాగంవాళ్లు కూర్చున్న వరుసంతా చప్పట్లు కొట్టింది. అవార్డు అందుకోబోతున్న ఆయన మాత్రం తల దించుకుని కూర్చున్నారు.

ఆ నామినేషన్ రాసింది పైఅధికారి కాదు, ఆయనతో షిఫ్టులో పనిచేసే హెల్పర్.

ఈ రోజు మా మున్సిపల్ ఆఫీసు అవార్డుల్లో నాకు బాగా నచ్చింది ఇదే: ఎవరికి ఇవ్వాలో తోటి ఉద్యోగులే రాసి పంపడం. ఫైలు ఎప్పుడు కదిలిందో పైవాళ్లకు తెలుస్తుంది. కానీ అర్ధరాత్రి ఫోన్ ఎత్తేదెవరో, కౌంటర్ దగ్గర అరిచే మనిషిని కూర్చోబెట్టి ఓపికగా మాట్లాడేదెవరో పక్కన పనిచేసేవాళ్లకే తెలుస్తుంది. మన పని బాగుంటే ప్రజలకు మనం కనిపించం కూడా. కుళాయిలో నీళ్లు వస్తే ఎవరూ ఫోన్ చేయరు కదా!

తోటివాళ్లనే ఎంచుకోమంటే నలుగురితో కలివిడిగా ఉండేవాళ్లకే ఓట్లు పడతాయని కొందరి భయం. అది నిజమే. అందుకే ఓట్లు లెక్కపెట్టకుండా, జరిగిన ఒక్క సంఘటన రాయమని అడగడం నాకు సరైనదనిపించింది. "చాలా మంచివారు" అని రాస్తే సరిపోదు, ఏం చేశారో చెప్పాలి. తుది ఎంపిక కూడా వేరే విభాగాలవాళ్లు చేస్తేనే న్యాయం.

ఒక్కటే లోటు. పారిశుద్ధ్య విభాగం నుంచి నామినేషన్లు దాదాపు లేవు. ఫారం ఆన్‌లైన్‌లో పెడితే తెల్లవారుజామున డ్యూటీ ఎక్కేవాళ్లు ఎప్పుడు నింపుతారు? వచ్చేసారి హాజరు వేసే చోటే కాగితాలు పెట్టాలి. రాయలేనివాళ్లు నోటితో చెప్తే ఎవరో ఒకరు రాసుకోవాలి. రేపే అడుగుతాను.